యూకేజీలో 38 మంది, ఒక్కొక్కరు ఒక్కో చోట: విజయవాడ టీచర్ ప్రశ్నకి జవాబు

ప్రశ్న: అక్కా నమస్తే. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో యూకేజీ చెప్తున్నాను, ఇది రెండో సంవత్సరం. క్లాసులో 38 మంది. ఏడెనిమిది మంది ఇంగ్లీష్ మూడక్షరాల మాటలు చదివేస్తారు, నూరు దాకా ఒప్పజెప్తారు, నేను బోర్డు మీద రాసే లోపే "మిస్, అయిపోయింది" అని లేచొస్తారు. ఇంకో పన్నెండు మంది ఎల్‌కేజీ లేకుండా నేరుగా జూన్‌లో చేరారు, పెన్సిల్ పట్టుకోవడం కూడా రాదు, వాళ్ళలో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. మిగతావాళ్ళు మధ్యలో. ఒక బాబు కిటికీ పక్కన కూర్చుని రెండు నెలలుగా ఒక్క మాట మాట్లాడలేదు. ప్రిన్సిపాల్ గారేమో నెలాఖరుకి అందరూ ఒకే పేజీలో ఉండాలంటారు. వచ్చినవాళ్ళని ఒక వరస, రానివాళ్ళని ఒక వరస చేసి చెప్పమని తోటి టీచర్లు అంటున్నారు. అలా చేయనా? రాత్రి పడుకుంటే ఆ పిల్లల మొహాలే గుర్తొస్తున్నాయి.

జవాబు:

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు. ముందు నువ్వు చివర్లో అడిగినదానికి చెప్పేస్తా, వరసలు విడగొట్టొద్దు. ఇది నేను ఎక్కడో చదివి చెప్తున్నది కాదు, గుంటూరులో ఎల్‌కేజీ యూకేజీలకి ఇరవై ఏడేళ్లు చెప్పా, మూడో ఏడాదిలో నేనూ అదే పని చేశా. కిటికీ వైపు వరస బాగా వచ్చినవాళ్ళు, గోడ వైపు వరస రానివాళ్ళు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, వరసలకి పువ్వుల పేర్లు పెట్టా, మల్లె అని బంతి అని. వారం తిరక్కుండా బంతి వరసలో ఒక పాప వాళ్ళమ్మతో "మాది రానోళ్ళ వరస" అని చెప్పిందంట. ఆ తల్లి గేటు దగ్గర నాతో చెప్తుంటే నాకు నోట మాట రాలేదు. ఐదేళ్ల పిల్లకి అ ఆలు రాకపోయినా ఎవరు తనని తక్కువగా చూస్తున్నారో మాత్రం తెలుస్తుంది. ఆ పాప సంక్రాంతి సెలవుల దాకా క్లాసులో చెయ్యి ఎత్తలేదు, అది నా వల్లే.

ఇంకొక సంగతి, అసలు ఆ వరసలు సరిగ్గా విడగొట్టడం కూడా కుదరదు, ఎందుకంటే "వచ్చు" అనేది ఒక్కటే వస్తువు కాదు. నువ్వు రేపే ఒక పని చేసి చూడు. నూరు దాకా గడగడా చెప్పే ఆ ఏడెనిమిది మందిలో ఒక్కొక్కళ్ళనీ పిలిచి ఒక గిన్నెలో చింతపిక్కలు పెట్టి "నాకు ఏడు ఇవ్వమ్మా" అను. కనీసం ఇద్దరు ముగ్గురు గుప్పెడు తీసి నీ చేతిలో పోస్తారు చూడు. వాళ్ళకి నూరు దాకా వచ్చింది పాటలాగా, లెక్కలాగా కాదు. అదే ఎల్‌కేజీ లేకుండా వచ్చినవాళ్ళలో ఎవరైనా కూరగాయల బండి మీద అమ్మతో కూర్చునే పిల్లాడు ఉంటే, మీ కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఎన్ని లేవు, వాడు నిమ్మకాయలు నాలుగు నాలుగు కుప్పలు పెట్టి చూపిస్తాడు, 4 అంకె మాత్రం గుర్తుపట్టలేడు. ఇప్పుడు వీళ్ళిద్దర్లో ఎవరికి లెక్కలొచ్చినట్టు చెప్పు. ఒకళ్ళకి పేర్లు వచ్చు, ఒకళ్ళకి విలువ తెలుసు, ఇద్దరికీ నువ్వు చెప్పాల్సింది ఉంది.

వయసు సంగతి కూడా మనం మర్చిపోతాం. ఒకే యూకేజీలో జూన్‌లో పుట్టిన పిల్ల ఉంటుంది, తర్వాతి ఏడాది మే నెలలో పుట్టిన పిల్లాడు ఉంటాడు, మధ్యలో పదకొండు నెలలు. మనకి పదకొండు నెలలంటే లెక్కలోకి రాదు, ఐదేళ్లవాడికి మొత్తం బతికిందే అరవై నెలలు, అంటే దాదాపు ఐదో వంతు జీవితం తేడా. అటెండెన్స్ రిజిస్టర్లో పుట్టిన తేదీలు ఉంటాయి కదా, ఒకసారి తీసి నువ్వు వెనకబడ్డారు అనుకునేవాళ్ళ పేర్ల పక్కన నెల రాసుకో. అందరి సంగతీ దాంతో తేలదు గానీ కొందరి సంగతి అక్కడే తేలిపోతుంది, వాళ్ళు వెనకబడలేదు, చిన్నవాళ్ళు అంతే.

కాబట్టి మొదటి రెండు వారాలు కొత్తగా ఏమీ చెప్పకుండా చూడు, ఊరికే చూడు. రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని ఒక్కో పిల్లకి నాలుగు పేజీలు కేటాయించు. రోజుకి ఐదుగురిని మాత్రమే గమనించు, 38 మందికి ఎనిమిది రోజులు పడుతుంది. మార్కులు వెయ్యకు, చూసింది చూసినట్టు రెండు లైన్లు రాయి, "కత్తెర పట్టింది, గీత మీద కత్తిరించలేదు", "కథలో తర్వాత ఏమవుతుందో ముందే చెప్పాడు, తెలుగులో కాదు ఉర్దూలో", "తన పేరు చూసి గుర్తుపట్టింది, పక్కపిల్ల పేరు గుర్తుపట్టలేదు" అలా. ఈ పుస్తకం నాకు ఎన్ని ట్రైనింగులకన్నా ఎక్కువ ఉపయోగపడింది, తర్వాత ప్రిన్సిపాల్ గారితో మాట్లాడేటప్పుడూ పేరెంట్స్‌తో మాట్లాడేటప్పుడూ నీ చేతిలో ఉండేది ఇదే.

ఇప్పుడు అసలు విషయం. 38 మందికి ఒకేసారి బోర్డు ముందు నిలబడి చెప్తే ఎంత గొప్ప టీచర్ చెప్పినా అది మధ్యలో పదిమందికే అందుతుంది, పైవాళ్ళకి విసుగు, కిందవాళ్ళకి భయం. మరి 38 మందికి 38 పాఠాలు తయారుచేయగలమా అంటే లేం. మధ్యదారి చాపలు. ఐదు చాపలు పరిచి పిల్లల్ని ఏడెనిమిది మంది చొప్పున కూర్చోబెట్టడం, నాలుగు చాపల మీద పిల్లలు వాళ్ళంతట వాళ్ళు చేసుకునే పని, ఒక చాప నీది. నీ చాప మీదకి ఏడుగురు వస్తారు, పన్నెండు పదిహేను నిమిషాలు వాళ్ళతోనే ఉంటావు. మిగతా చాపలు అన్ని రకాల పిల్లలూ కలిసిన చాపలే, నీ చాప మాత్రం ఆ రోజు ఎవరికి ఏం కావాలో దాన్నిబట్టి. ఇవాళ ఏడు పిక్కలు ఇవ్వలేనివాళ్ళు, అందులో నూరు చెప్పే పిల్లా ఉంటుంది ఏమీ చెప్పలేని పిల్లాడూ ఉంటాడు. రేపు తన పేరులో మొదటి అక్షరం తెలియనివాళ్ళు. ఎల్లుండి చదవడం వచ్చేసినవాళ్ళు. రోజూ మనుషులు మారిపోతుంటారు కాబట్టి అది రానివాళ్ళ చాప అని ఎవరూ పేరు పెట్టలేరు, పైగా మిస్ పక్కన కూర్చునే చాప కాబట్టి అందరూ నన్ను పిలవండి అని అడుగుతారు.

టైం సరిపోదు అనుకుంటున్నావు కదా, లెక్క వేద్దాం. రోజుకి రెండు విడతలు, వారానికి ఐదు రోజులు, పది విడతలు, విడతకి ఏడుగురు, డెబ్భై సీట్లు. ఆ పన్నెండు మంది కొత్తపిల్లలు వారానికి మూడుసార్లు వచ్చినా ముప్ఫై ఆరు, మిగతా ఇరవై ఆరు మంది ఒక్కోసారి, మొత్తం అరవై రెండు. ఇంకా ఎనిమిది సీట్లు మిగులుతాయి, జ్వరం వచ్చి మానేసినవాళ్ళకి ఉంచుకో. రోజు మొత్తంలో నువ్వు దీనికి పెట్టేది అరగంట, బోర్డు మీదది చూసి రాయించే కాపీ రైటింగ్ టైంలో నుంచి తీసుకో.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు, మొదటిరోజే చాపలు పరిచి మొదటిరోజే ఏడుగురిని పిలుచుకుని కూర్చుంటారు, రెండు నిమిషాల్లో వెనక చాపల మీద కొట్లాట, ఇదంతా మన పిల్లలతో కుదిరే పని కాదు అని వదిలేస్తారు. పిల్లలకి మిస్ లేకుండా పది నిమిషాలు పని చేసుకోవడం అనేది కూడా ఒక పాఠమే, అది ముందు నేర్పాలి. మొదటివారం నీ చాప ఉండదు. ఒక్కటే వస్తువు, అందరికీ అదే, బంకమట్టి అనుకో. ఎలా తీసుకోవాలి, ఎలా చాప మీదే ఉంచాలి, ఎలా తిరిగి డబ్బాలో పెట్టాలి, చెయ్యి ఎక్కడ కడగాలి, ఇది నువ్వు చేసి చూపించు, ఇద్దరు పిల్లలతో చేయించి చూపించు, తర్వాత అందరూ. మొదటిరోజు మూడు నిమిషాలు, మరుసటిరోజు ఐదు, వారం చివరికి పది. రెండోవారం ఇంకో వస్తువు కలుపు, పూసలు దండ గుచ్చడం, బొమ్మల పుస్తకాలు, గింజలు వేరుచేయడం. చప్పట్లు మూడు కొడితే ఆపాలి అనో, గంట మోగితే సర్దాలి అనో ఒక గుర్తు పెట్టుకో, గొంతు చించుకోవద్దు, ఈ ఉద్యోగంలో ముందు పోయేది గొంతే. మిస్ చాప మీద ఉన్నప్పుడు ఏదైనా కావాలంటే ముందు పక్కవాళ్ళని అడగాలి, తర్వాత ఆయమ్మని అడగాలి, దెబ్బ తగిలితే, బాత్రూం వస్తే మాత్రం నేరుగా మిస్ దగ్గరకి రావాలి, ఇది రోజూ వాళ్ళతో చెప్పించు. మూడోవారం నుంచి నీ చాప పరుచుకో. గోల ఉంటుంది. పని చేసుకునే గోల వేరు, కొట్టుకునే గోల వేరు, రెండువారాలకి నీ చెవికే తేడా తెలుస్తుంది.

చింతపిక్కల గురించి ఒక జాగ్రత్త, ముక్కులో చెవిలో పెట్టుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఒకళ్ళు ఉంటారు, ఒకసారి నేను ఆసుపత్రికి పరిగెత్తా. అలాంటివాళ్ళు ఉన్న చాప మీద సీసా మూతలు పెట్టు. పిక్కలు డబ్బాకి ఇరవై చొప్పున లెక్కపెట్టి ఇవ్వు, తిరిగి పెట్టేటప్పుడు ఇరవై ఉన్నాయో లేదో పిల్లలే లెక్కపెట్టాలి, అది జాగ్రత్తా అవుతుంది పాఠమూ అవుతుంది.

చాపల మీద ఏం పెట్టాలి అనేదానికి నా పద్ధతి ఒక్కటే, పని అందరికీ ఒకటే ఉండాలి, లోతు ఎవరికి తగ్గట్టు వాళ్ళు దిగేలా ఉండాలి. నువ్వు రెండు రకాల వర్క్‌షీట్లు పంచితే పిల్లలు వెంటనే పోల్చుకుంటారు, ఒకే డబ్బా అందరి ముందూ ఉంటే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. పొద్దున్న అటెండెన్స్ చూడు. 38 అట్టముక్కల మీద పేర్లు రాసి గుమ్మం దగ్గర పెట్టు, పిల్లలు లోపలికొస్తూ తన పేరు తీసి గోడకి ఉన్న సంచీలో వెయ్యాలి. కొత్తపిల్లల అట్టకి వాళ్ళ ఫోటోనో వాళ్ళకిష్టమైన బొమ్మో అంటించు, బొమ్మ చూసి తీస్తారు. నెల తర్వాత బొమ్మ తీసెయ్. పేరు వచ్చేసినవాళ్ళు ఇవాళ ఎవరు రాలేదో మిగిలిన అట్టలు చదివి చెప్పాలి. ఇంకా వచ్చినవాళ్ళు ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లన్నీ ఒక చోట చేర్చాలి. చూశావా, ఒకటే పని, నీకు అదనంగా ఒక్క నిమిషం ఖర్చు లేదు, రోజూ జరిగే అటెండెన్సే. తెలుగులో ఒకవైపు ఇంగ్లీషులో ఒకవైపు రాస్తే రెండూ అవుతాయి.

లెక్కలకి మన ఇళ్లల్లో ఆటలకన్నా మంచి సామాను లేదు. గవ్వలు నాలుగు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడగానే చెప్పడం, లెక్కపెట్టకుండా కంటితో మూడు అని పట్టుకోవడం, అది చిన్న విషయం కాదు, అంకెల మీద పట్టు అక్కడే మొదలవుతుంది. అష్టాచెమ్మా గడులు సుద్దముక్కతో నేల మీద గీస్తే చాలు, కొత్తపిల్ల పడినన్ని గడులు వేలు పెట్టి జరుపుతుంది, వచ్చిన పిల్లాడు ఇంకా ఎన్ని పడితే పండుతుందో ముందే ఆలోచిస్తాడు, ఇద్దరూ ఒకే ఆట ఆడుతున్నారు. వామనగుంటల పీట ఏ అమ్మమ్మ దగ్గరో దొరుకుతుంది, పద్నాలుగు గుంటలు, గుంటకొక పిక్క వేసుకుంటూ పోవడమంటే ఒక మాటకి ఒక వస్తువు అని చేతికి నేర్పడమే, ఆ నూరు చెప్పే పిల్లకి కావాల్సింది సరిగ్గా అదే.

కథకి ఏడు చేపల కథ తీసుకో. తెలియని ఇల్లు ఉండదు, తెలియకపోతే ఇంకా మంచిది. చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ, ఏడు బొమ్మలు అట్ట మీద గీసుకో, బాగా గీయడం రాకపోయినా పర్లేదు. వారమంతా అదే కథ చెప్పు, పెద్దవాళ్ళకి విసుగొస్తుంది గానీ పిల్లలకి రాదు, తర్వాత ఏమొస్తుందో తెలిసినప్పుడే వాళ్ళకి సంతోషం. తెలుగు అంతగా రానివాళ్ళు "చేపా చేపా ఎందుకెండలేదు" అనే ఒక్క ముక్క అందరితో కలిసి అంటారు, నాలుగోరోజుకి అది వాళ్ళ నోట తెలుగు వాక్యం. కొందరు బొమ్మలు వరసలో పెడతారు. కొందరు వెనక నుంచి చీమ దగ్గర మొదలుపెట్టి చెప్పగలరేమో చూడు. చదవడం వచ్చినవాళ్ళు బొమ్మ కింద పేరు రాస్తారు, "గడ్డి" అని రాయాలంటే ఒత్తు కావాలి, అప్పుడు వాళ్ళే వచ్చి అడుగుతారు. అలా అడిగి నేర్చుకున్న ఒత్తు మర్చిపోరు.

ఉర్దూ పిల్లల గురించి. ఒక పాప పిక్కలు చూసి "తీన్" అంటే ఆ పాపకి లెక్క వచ్చినట్టే, "అవును తీన్, మూడు" అని కలిపి చెప్పు, తప్పు అనొద్దు. నీకు ఉర్దూ రాకపోతే ఓ పది మాటలు ఆ పిల్లల దగ్గరే నేర్చుకో, క్లాసు ముందు నేర్చుకో, టీచర్‌కి కూడా రానిది ఒకటి ఉంటుందని, అది ఈ పిల్లకి వచ్చునని మిగతావాళ్ళు చూడాలి. దాని ఫలితం నేను చాలాసార్లు చూశా.

పెన్సిల్ దగ్గర మాత్రం కొంచెం గట్టిగానే చెప్తా. పన్నెండు మందికి పెన్సిల్ పట్టుకోవడం రాలేదని నువ్వు భయపడుతున్నావు, ఫోర్‌లైన్ నోట్‌బుక్ వాళ్ళ ముందు పెట్టి చెయ్యి పట్టుకుని దిద్దిస్తూ ఉంటే అది ఈ నెలకి ఆపెయ్. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి, పుట్టినప్పుడు అవి గట్టి ఎముకలు కావు, ఒక్కొక్కటే గట్టిపడుతూ అన్నీ తయారయ్యేసరికి పదేళ్లు దాటుతుంది. వేళ్ళ కండరాలకీ కంటికీ జత కుదరడానికి కూడా వాడుక కావాలి. ఎల్‌కేజీలో పిల్లలు ఏడాదిపాటు చేసిన చేతిపని వీళ్ళు చేయలేదు, అది ముందు ఇవ్వు. మట్టి పిసకడం, పాత గుడ్డ నీళ్లలో ముంచి పిండడం, బట్టల క్లిప్పులు తీసి పెట్టడం, కాగితం చింపి అంటించడం, ముగ్గు చుక్కలు కలపడం. మన పెద్దవాళ్ళు అక్షరాభ్యాసం బియ్యంలో వేలితో దిద్దించారు, పళ్ళెంలో ఇసకో రవ్వో పోసి వేలితో రాయించు, తప్పైతే పళ్ళెం కదిపితే పోతుంది, రబ్బరుతో చెరిపి కాగితం చిరిగే గొడవ లేదు. పొట్టి సుద్దముక్కలు, విరిగిన క్రేయాన్ ముక్కలు ఇవ్వు, ముక్క చిన్నదైతే గుప్పిట్లో పట్టడం కుదరదు, వేళ్ళు వాటంతట అవే సరైన చోటుకి వస్తాయి.

వచ్చినవాళ్ళ విషయంలో రెండు తప్పులు చేయొద్దు. వాళ్ళకి ఒకటో తరగతి పుస్తకం ఇచ్చేయకు, వచ్చే ఏడాది ఇదే సమస్య ఇంకో టీచర్‌కి పెద్దదై వెళ్తుంది. రెండోది వాళ్ళని చిన్న టీచర్లని చేసి రోజూ రానివాళ్ళ పక్కన కూర్చోబెట్టకు. అప్పుడప్పుడు పర్లేదు, చెప్పడంలో వాళ్ళూ నేర్చుకుంటారు, కానీ ఆ పిల్ల బడికొచ్చింది నేర్చుకోవడానికి, నీకు అసిస్టెంట్‌గా కాదు, అవతలి పిల్లకి కూడా తన ఈడుదే తనని దిద్దుతుంటే చిన్నతనంగా ఉంటుంది. వాళ్ళకి అదే పనిలో ఇంకొంచెం లోపలికి వెళ్ళే ప్రశ్న ఇవ్వు. చీమ కుట్టకపోతే కథ ఏమయ్యేది? ఏడు పిక్కలు రెండు గిన్నెల్లో ఎన్ని రకాలుగా పెట్టొచ్చు? ఇలాంటివాటికి "మిస్, అయిపోయింది" అని రెండు నిమిషాల్లో రాలేరు. ఇంకోటి, చదవడం బాగా వచ్చిన పిల్లల్లో కొందరికి ఓడిపోవడం రాదు, వస్తువు పంచుకోవడం రాదు, టిఫిన్ డబ్బా మూత తీసుకోవడం రాదు, అది కూడా నీ నోట్‌బుక్‌లో రాసుకో, అక్కడ వాళ్ళు కొత్తపిల్లల దగ్గర నేర్చుకుంటారు.

ఇలాంటి కలగలుపు క్లాసు నీ ఒక్కదానికే వచ్చిన కష్టం అనుకోకు. ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి గారు 1907లో రోమ్‌లో మొదటి బడి పెట్టినప్పటి నుంచి మూడేళ్లవాళ్ళనీ ఆరేళ్లవాళ్ళనీ కావాలనే ఒకే గదిలో ఉంచారు, 1939లో ఆవిడ మద్రాసు అడయారు వచ్చి మన దేశంలో టీచర్లకి అదే నేర్పారు. మన దగ్గరే మదనపల్లె పక్కన రిషి వ్యాలీ స్కూల్ వాళ్ళు చుట్టుపక్కల పల్లె బళ్ళ కోసం ఒకే గదిలో నాలుగైదు స్థాయిల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్ళు నడిచేలా బొమ్మ గుర్తులున్న కార్డులు తయారుచేశారు, పిల్లే తన తర్వాతి కార్డు తీసుకుంటుంది, తమిళనాడు సర్కారు బళ్ళు కూడా ఆ దారి పట్టాయి. నీకు అంత సామాను లేకపోయినా ఆలోచన అదే.

ఇక కిటికీ పక్క బాబు. అన్నిటికన్నా ముందు చేయాల్సింది వాడి గురించే. రెండు నెలలు మాట్లాడలేదు అన్నావు, ఇంట్లో మాట్లాడతాడా లేదా అనేది ఉత్తరంలో లేదు. వాళ్ళమ్మని గేటు దగ్గర అందరి ముందు కాకుండా ఒక పక్కకి పిలిచి కూర్చోబెట్టి అడుగు. ఇంట్లో గలగలా మాట్లాడితే, ఇంటి భాష వేరైతే, కంగారు పడకు, కొత్త భాష మధ్యలో పడిన పిల్లలు నెలల తరబడి వింటూ ఊరుకుంటారు, లోపల పోగేసుకుంటారు. వాణ్ణి మాట్లాడమని బలవంతం చేయకు, "మాట్లాడితే చాక్లెట్ ఇస్తా" అనకు, చూపించమని అడుగు, బొమ్మ ఇమ్మని అడుగు, తలూపితే చాలు. అదే ఇంట్లో కూడా మాటలు తక్కువైనా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, తోటిపిల్లల వైపు చూడకపోయినా, ముందు వచ్చిన మాటలు పోయినా, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించమను. ఇంట్లో మాట్లాడతాడని చెప్పినా సరే చెవి మాత్రం ఒకసారి చూపించాల్సిందే. జలుబు ఎక్కువగా చేసే పిల్లల్లో కొందరికి కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంది, చాలాసార్లు నొప్పి ఉండదు, ఒకరోజు వినపడుతుంది ఒకరోజు వినపడదు, మనమేమో మొండివాడు అనుకుంటాం. వెనక నుంచి మెల్లగా వాడి పేరు పిలిచి చూడు, కిటికీ పక్క రోడ్డు చప్పుడు ఉంటుంది కాబట్టి ముందు వాణ్ణి అక్కడి నుంచి మార్చి నీకు దగ్గరగా కూర్చోబెట్టు. కళ్ళు కూడా చూపించమను. ప్రభుత్వాసుపత్రి ఈఎన్‌టీ ఓపీలో చూస్తారు. పిల్లల్లో ఇలాంటి లోపాలు ముందే కనిపెట్టడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది, దాని కింద జిల్లా స్థాయిలో కేంద్రాలు పెట్టారు, ఆసుపత్రిలోనే అడిగితే చెప్తారు. తల్లికి చెప్పేటప్పుడు "మీవాడికి ఏదో ఉంది" అని మొదలుపెట్టకు చెల్లీ, వాడు బాగా చేసే పని ఒకటి ముందు చెప్పు, అందుకే చెప్తున్నా నోట్‌బుక్ ఉండాలని.

ప్రిన్సిపాల్ గారితో గొడవ పడకు, రెండో ఏడాది టీచర్‌వి, ఉద్యోగం కావాలి. పిల్లల చేత నోట్‌బుక్‌లు నింపించడం అసలు వద్దని అంటే ఆవిడ వినరు. రోజుకి ఒక్క పేజీ, అదీ రాయగలిగినవాళ్ళకి రాత, మిగతావాళ్ళకి గీతలూ చుక్కలూ, ఒక నెల ఈ చాపలు చేసి చూపిస్తాను మేడమ్, నెలాఖరుకి మీరే వచ్చి ఏ పిల్లనైనా పిలిచి చూడండి అని టైం అడుగు. ఆవిడ రూల్ అడిగితే అది కూడా నీ వైపే ఉంది. 2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టారు, 2022లో ఆ దశకి వచ్చిన పాఠ్యప్రణాళిక ఆటపాటల మీద నడపమంటుంది, ఈ వయసుకి పరీక్షలు పనికిరావని, చూసి రాసుకోవడమే సరైన పద్ధతని చెప్తుంది. నువ్వు చేస్తున్నది సొంత ప్రయోగం కాదని ఆవిడకి తెలిస్తే ఆవిడకీ ధైర్యం వస్తుంది, ఆవిడ మీద పేరెంట్స్ ఒత్తిడి ఉంటుంది కదా పాపం.

పేరెంట్స్ మీటింగ్‌లో వచ్చినవాళ్ళ అమ్మానాన్నలు "మావాడికి కొత్తగా ఏం చెప్తున్నారు" అంటారు. మాటలతో సమాధానం చెప్పకు, వాళ్ళ పిల్లాణ్ణి పిలిచి ఏడు పిక్కలు ఇమ్మని వాళ్ళ ముందే అడుగు, తర్వాత నెలకి మళ్ళీ అడుగు. కొత్తపిల్లల తల్లిదండ్రులు చాలామంది సిగ్గుతో వెనక నిలబడతారు, మాకు చదువు రాదండి అంటారు. వాళ్ళకి హోంవర్క్ ఇంగ్లీషులో పెట్టి పంపకు. ఇంట్లో కూరగాయలు లెక్కపెట్టించండి, గోంగూర ఆకులు కోయించండి, రాత్రి మీ భాషలో కథ చెప్పండి, అని వాయిస్ మెసేజ్ పెట్టు. వాళ్ళు చేయగలిగినది అడిగితే చేస్తారు, రోజూ చేస్తారు.

సోమవారం నుంచి మొదలుపెడితే ఆ వారం బంకమట్టి ఒక్కటే, నీ చాప పరవకు, నోట్‌బుక్‌లో రోజుకి ఐదు పేర్లు, మొదటి ఐదుగురిలో కిటికీ పక్క బాబు ఉండాలి. వాళ్ళమ్మ ఏం చెప్పిందో, చెవి పరీక్షలో ఏం తేలిందో నాకు రాయి, దాన్నిబట్టి వాడితో ఏం చేయాలో విడిగా చెప్తా.